గుప్పెడు పాత మన్ను

మా తాతయ్య సరుగుడు నారు పోసే ప్రతి ఏడూ ఒక పని తప్పకుండా చేసేవాడు. పాత తోపులోకి వెళ్ళి, రాలిన ఆకును కాలితో పక్కకు నెట్టి, చెట్టు మొదట్లో జానెడు లోతున మన్ను తవ్వి, ఒక తట్టెడు తెచ్చి కొత్త మడిలో చల్లేవాడు. మాది బాపట్ల వైపు సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ నేల అంటే ఇసుకే. ఆ ఇసుకలో ఎరువు పోసినా నీళ్ళు పోసినా మర్నాటికి జాడ ఉండదు. అటువంటి చోట ఈ తట్టెడు మన్నుతో ఏమవుతుందని అడిగితే "పాత మన్ను పడందే కొత్త నారు పచ్చబడదురా" అనేవాడు. అంతకు మించిన వివరణ ఆయన దగ్గర ఉండేది కాదు. నాకు అప్పట్లో ఆ మాట కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టడం వంటి ఆచారంలాగే తోచేది.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, హేబర్ పద్ధతి కొత్తగా వంటబట్టించుకున్న గర్వంతో, మొక్కకు కావలసింది నత్రజని, దానికి యూరియా ఉంది, ఈ మన్ను మోత ఎందుకని తాతయ్యతో వాదించాను. ఆయన ఏమీ అనకుండా ఒక మడి నాకు వదిలేశాడు. నా మడిలో నారు మొదట బాగానే పచ్చబడింది, ఆయన మడికన్నా ముందే. తీసి తోటలో నాటిన తరువాతే కథ మారింది. ఏడాది తిరిగేసరికి నా వరుసలు పసుపు రంగుకు తిరిగి మోకాలెత్తున ఆగిపోయాయి. ఆయన వరుసలు నా తల దాటాయి. ఒక మడి అనుభవం శాస్త్రీయ నిరూపణ కాదని ఇప్పుడు తెలుసు. కాని ఆనాడు తాతయ్య తన వరుసలో ఒక మొక్కను పెకలించి చూపించిన వేరు మాత్రం నాకింకా కళ్ళకు కట్టినట్లే ఉంది. వేరు పొడవునా పగడపు దుబ్బుల వంటి చిన్న చిన్న బుడిపెలు. తెగులు పట్టిందేమో అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా మొక్క వేరు నున్నగా ఉంది.

ఈ జ్ఞాపకం ఇన్నేళ్ళ తరువాత ఎందుకు తవ్వుతున్నానంటే, కొన్నాళ్ళ క్రితం అలాస్కాలోని గ్లేసియర్ బే అనే చోట, బార్ట్‌లెట్ కోవ్ దగ్గర అడవిలో ఒక పూట నడిచాను. స్ప్రూస్, హెమ్లాక్ చెట్లు మబ్బుల్లోకి పోయినట్లున్నాయి. కింద అడుగేస్తే దిగిపోయేంత మెత్తగా నాచు. ఆదికాలపు అరణ్యంలా కనిపించే ఆ చోటు రెండు వందల యాభై ఏళ్ళ నాడు మంచు కింద ఉంది. పెద్ద చెట్టు వేళ్ళు పైకి లేచిన ఒక చోట చూస్తే, నాచు పొర, దాని కింద నల్లని మన్ను, అదీ కొద్దిపాటి మందమే, ఆ కింద గులకరాళ్ళు, మంచు రాపిడికి నలిగిన బూడిదరంగు ఒండ్రు. ఇంత పెద్ద అడవీ ఆ పలుచని నల్లపొర మీద నిలబడి ఉన్నది. ఆ పొర ఎక్కడి నుండి వచ్చింది? తిరిగి వచ్చిన దగ్గరనుండీ ఈ విషయమై దొరికినది దొరికినట్లు చదువుతూ ఉన్నాను. ఆ చదువులో తేలిన చరిత్రే ఈ టపా. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టవలసిందిగా చదువరులకు మనవి.

1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నౌకలు ఆ తీరానికి వచ్చాయి. వాంకూవర్ అప్పటికి అనారోగ్యంతో ఉన్నందువల్ల పడవలు వేసుకుని తీరాన్ని పరిశీలించిన పని అతని సహచరుడు జోసెఫ్ విడ్బీది. ఇప్పుడు అఖాతం ఉన్న చోట అతనికి కనిపించింది ఒక చిన్న నొక్కు, అయిదు మైళ్ళ లోతైనా లేనిది, దాని వెనుక అడ్డంగా మంచు గోడ. 1879లో జాన్ మ్యూర్ ట్లింగిట్ జాతివారి పడవలో, వారే దారి చూపగా, అక్కడికి చేరేనాటికి ఆ గోడ ముప్ఫై మైళ్ళకు పైగా వెనక్కి పోయి ఉంది. 1916 నాటికి ప్రధాన పాయ అయిన గ్రాండ్ పసిఫిక్ హిమానీనదం అఖాతం ముఖద్వారం నుండి అరవై మైళ్ళకు పైగా లోపల ఉంది. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఇంత మంచు కరగడం మొదలైనది కర్మాగారాల పొగ వల్ల కాదు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ వరకూ సాగిన చిన్న మంచుయుగం ముగియడమూ, సముద్రంలోకి దిగిన హిమానీనదాలు ఒకసారి పట్టు తప్పితే వేగంగా విరిగిపోవడమూ దానికి కారణాలు. నేడు ఆల్ప్స్‌లో, ఆండీస్‌లో, మన హిమాలయాల్లో జరుగుతున్న దానిలో మానవుని చెయ్యి స్పష్టం. ఆ రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

మంచు ఏ ఏట ఎక్కడ దాకా ఉన్నదో ఇంత వివరంగా తెలిసిన చోట్లు ప్రపంచంలో అరుదు. అందువల్ల ఒక విచిత్రమైన సౌకర్యం కలిగింది. మంచు అంచు నుండి సముద్రం వైపు నడిస్తే కాలంలో నడిచినట్లే. మంచు మొన్న విడిచిన నేల ఇక్కడ, ఇరవై ఏళ్ళ నేల అల్లంత దూరాన, నూరేళ్ళ నేల ఇంకా ఆవల. ఒక మనిషి ఆయుర్దాయంలో చూడలేనిదాన్ని పడవలో రెండు రోజుల్లో చూడవచ్చు.

ఈ సౌకర్యాన్ని గుర్తించి వచ్చినవాడు విలియం స్కిన్నర్ కూపర్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించేవాడు. అతని గురువు షికాగోలోని హెన్రీ కౌల్స్. కౌల్స్ మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక తిన్నెల మీద నీటి అంచు నుండి లోపలికి నడుస్తూ, స్థలాన్ని కాలంగా చదివే ఈ విద్యకు 1899లో పేరు తెచ్చినవాడు. (ఇసుక తిన్నెల మీద పెరిగిన నాకు ఈ వంశవృక్షం కొంత సంతోషం కలిగించిందని ఒప్పుకుంటాను.) అయితే కూపర్ గురువుకన్నా ఒక అడుగు ముందుకు వేశాడు. 1916లో, మంచు కొత్తగా విడిచిన రాళ్ళ నేల మీద, ఒక్కొక్క చదరపు మీటరు చొప్పున చిన్న గళ్ళు గుర్తించి, ప్రతి గడిలో ఏ మొక్క ఎక్కడ ఉన్నదో పటం గీశాడు. ఆ తరువాత 1921, 1929, 1935లలో తిరిగివచ్చి అవే గళ్ళను మళ్ళీ గీశాడు. ఊరికే నడిచి చదవడం కాక, కూర్చుని ఎదురుచూడడం అన్నమాట. ఆ పైన అతని శిష్యుడు డొనాల్డ్ లారెన్స్ దశాబ్దాల పాటు ఆ పనిని కొనసాగించాడు.

కూపర్, అతని తరువాతివారు చెప్పిన క్రమం స్థూలంగా ఇది. మంచు విడిచిన నేల మీద మొదట నల్లని పలుచని పొర, నాచులు, లైకెన్లు. ఆ తరువాత డ్రయాస్ అనే నేలబారు మొక్క చాపలా పరుచుకుంటుంది. ఆపైన ఆల్డర్ పొదలు మనిషి దూరలేనంత దట్టంగా కమ్ముతాయి. కొన్ని దశాబ్దాలకు వాటి తలల మీదుగా స్ప్రూస్ లేస్తుంది, ఆల్డర్ నీడలో పడి చస్తుంది. చివరికి హెమ్లాక్ వచ్చి చేరుతుంది.

ఇది మొక్కల వరస. వాటి కింద మన్ను సంగతి ఏమిటి? 1941లో కాలిఫోర్నియాలో హాన్స్ జెన్నీ అనే స్విస్ శాస్త్రవేత్త, మన్ను ఏర్పడడానికి శీతోష్ణస్థితి, జీవులు, నేల వాలు, మూల శిల, కాలం అనే అయిదు కారకాలని ఒక గ్రంథం వ్రాశాడు. మన్ను అనేది ఊరక నలిగిన రాయి కాదు, తనకంటూ పుట్టుకా ఎదుగుదలా ఉన్న స్వతంత్ర వస్తువు అన్న ఆలోచనకు 1883లో రష్యన్ నల్లరేగడి మీద పుస్తకం ప్రచురించిన దొకుచాయెవ్ ఆద్యుడు. జెన్నీ దాన్ని లెక్కగా మార్చాడు. తక్కిన నాలుగూ మారకుండా కాలం ఒక్కటే మారే చోటు దొరికితే మన్ను వయసుతోపాటు ఎలా మారుతుందో కొలవవచ్చు. గ్లేసియర్ బే సరిగ్గా అటువంటి చోటు. రాబర్ట్ క్రాకర్, జాక్ మేజర్ అనే ఇద్దరు అక్కడ మన్ను తవ్వి కొలిచి 1955లో ప్రకటించిన ఫలితాలు నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉన్నాయి. అక్కడి రాతిపొడిలో సున్నపురాయి పాలు ఎక్కువ. కొత్త నేల పీహెచ్ ఎనిమిది, అంటే క్షారం. ఆల్డర్ పొదల కింద ముప్ఫై నుండి యాభై ఏళ్ళలో అది అయిదుకు దిగింది, అంటే చక్కని ఆమ్లం. ఆల్డర్ ఆకు రాలి కుళ్ళి సున్నాన్ని కడిగేసింది. అదే కాలంలో నేలలో నత్రజని కుప్ప పడింది. తరువాత స్ప్రూస్ అడవి లేచేటప్పుడు ఆ నిల్వ కొంత ఖర్చయింది. తండ్రి కూడబెట్టినది కొడుకు ఇల్లు కట్టడానికి వాడినట్లు.

ఈ నత్రజని లెక్కే అసలు ముడి. రాయిలో భాస్వరం ఉంది, పొటాషియం ఉంది, కాల్షియం ఉంది, ఇనుముంది. ఆమ్లం తగిలితే ఇవన్నీ మెల్లగా బయటికి వస్తాయి. నత్రజని మాత్రం ఆ రాళ్ళలో లేదనే చెప్పాలి. అది గాలిలో ఉంది, మన నెత్తిన ఉన్న గాలిలో అయిదింట నాలుగు పాళ్ళు అదే. కాని రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగించుకుని ఉన్న ఆ అణువును విప్పడం ఏ మొక్కకూ ఏ జంతువుకూ చేతకాదు. హేబర్ పద్ధతిలో వందల రెట్ల వాతావరణ పీడనమూ, నాలుగు వందల డిగ్రీల పైచిలుకు వేడీ పెట్టి చేసే ఆ పనిని చలినేలలో, మామూలు పీడనంలో చేసేవి కొన్ని జాతుల సూక్ష్మజీవులు మాత్రమే. కనుక మంచు విడిచిన నేల మీద అడవి లేవాలంటే వాటి చేతి మీదుగా లేవవలసిందే.

ఆల్డర్ వేళ్ళకు బుడిపెలుంటాయి. 1866లో వొరోనిన్ అనే రష్యన్ వాటిని సూక్ష్మదర్శినిలో చూసి లోపల ఏదో జీవి ఉన్నదన్నాడు. 1886లో హెల్‌రీగెల్ చిక్కుడు జాతి మొక్కలు తమ బుడిపెల ద్వారా గాలి నత్రజనిని వాడుకుంటాయని ప్రకటించాడు. 1888లో బైయరింక్ ఆ చిక్కుడు బుడిపెల బాక్టీరియాను వేరుచేసి సీసాలో పెంచాడు. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పొలంలో కలియదున్నే మన రైతుకు ఆ ఫలితం ఎప్పటినుండో తెలుసు, కారణం అప్పుడు తేలింది. ఇక ఆల్డర్ బుడిపెల్లోని జీవికి 1886లోనే ఫ్రాంకియా అని పేరు పెట్టారు. చెట్ల వేళ్ళకూ శిలీంధ్రాలకూ ఉన్న సహజీవనాన్ని గుర్తించి మైకొరైజా అన్న మాటను సృష్టించిన ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టిన పేరది. పేరైతే పెట్టారు గాని, ఆ జీవిని మొక్క నుండి విడదీసి పెంచడం మాత్రం ఎవరికీ సాధ్యం కాలేదు. ఒక ఏడు కాదు, పదేళ్ళు కాదు. 1978లో అమెరికాలో టోరీ బృందం కాంప్టోనియా అనే పొదమొక్క బుడిపెల నుండి దాన్ని మొదటిసారి విడిగా పెంచగలిగింది. పేరు పెట్టిన తొంభై రెండేళ్ళకు! ఫ్రాంకియా అంత నింపాదిగా పెరుగుతుంది, సీసాలో తక్కిన బాక్టీరియాలన్నీ దాన్ని దాటిపోతాయి. గ్లేసియర్ బేలో నేలబారుగా పాకే ఆ డ్రయాస్‌కూ ఇవే బుడిపెలున్నాయని లారెన్స్, మరికొందరు కలిసి 1967లో వివరంగా వ్రాశారు.

చదువుతూ చదువుతూ ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు లేచి తిరగవలసి వచ్చింది. ఎందుకంటే ఫ్రాంకియాతో పొత్తు పెట్టుకునే చెట్ల పట్టికలో ఆల్డర్ తరువాత కనిపించిన పేరు సరుగుడు. జాతి అదే, వంశం వేరు. ఆల్డర్‌లో ఉండేది సరుగుడుకు పనికిరాదు. కాని పని అదే. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుండి మన తీరానికి వచ్చిన చెట్టు కనుక, దాని వేరులోని జీవి మన ఇసుకలో అన్నిచోట్లా దానంతట అది ఉండదు. పాత తోపు మన్ను తేవాలి, లేదా పాత బుడిపెలు నూరి కలపాలి. తాతయ్య తట్టలో మోసినది మన్ను కాదు. నా యూరియా మడి నున్నని వేరు నాకప్పుడు అర్థమైంది. చేతికి అందేంత నత్రజని పోస్తే మొక్క బుడిపెలు కట్టడం మానుకుంటుంది. నేను దానికి తిండి పెట్టి చుట్టాన్ని రానివ్వకుండా చేశాను.

తిరిగి అలాస్కాకు వస్తాను. డ్రయాస్ రాకముందు, అసలు కంటికి ఆనే మొక్క ఏదీ లేనప్పుడు, ఆ నేల ఖాళీయేనా? కూపర్ గళ్ళ పటాల్లో ఖాళీగా విడిచిన భాగాలు చాలా ఉన్నాయి. అతని కాలంలో అంతకంటే చూడడానికి సాధనం లేదు. ఈ శతాబ్దంలో మన్నులోని డీఎన్ఏను నేరుగా చదవడం వచ్చిన తరువాత ఆ ఖాళీని ఇతర దేశాల హిమానీనదాల దగ్గర పరిశీలించారు. పెరూలో, అయిదు వేల మీటర్ల ఎత్తున ప్యూకా అనే హిమానీనదం విడిచిన నేల మీద స్టీవెన్ ష్మిట్ బృందం 2008లో ప్రకటించిన దాని ప్రకారం, మొక్కలూ నాచులూ ఏవీ రాకముందే, మొదటి నాలుగైదేళ్ళలోనే సయనోబాక్టీరియాలు రకరకాలుగా పెరిగి, గాలి నత్రజనిని నేలకు చేర్చడం మొదలుపెట్టాయి. అంతే కాదు, అవి స్రవించే జిగురు ఇసుక రేణువులను అంటించి నేలను గట్టిపరచింది. స్విట్జర్లండ్‌లో డమ్మా హిమానీనదం ముందు, గ్రానైట్ మీద బతికే బాక్టీరియాలను వేరు చేసి చూస్తే, అవి ఆక్సాలిక్ ఆమ్లం వంటివి స్రవించి రాయిని కరిగిస్తున్నాయి. రాతికి పళ్ళు లేని నోళ్ళు తగిలినట్లు.

అయితే నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించినది ఆస్ట్రియా నుండి వచ్చిన కబురు. ఒడెన్‌వింకెల్‌కీస్ అనే హిమానీనదం (పేరు పలకడం నాకూ కష్టమే) ముందు భూమిలో సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువును పట్టి, అందులోని కార్బన్ వయసు కట్టారు. 2007లో బార్డ్‌జెట్ బృందం ప్రకటించిన ఫలితం ఏమిటంటే, మంచు కొత్తగా విడిచిన నేలలో సూక్ష్మజీవులు తింటున్న దానిలో కొంత వేల ఏళ్ళ నాటి కార్బన్. మంచు రాకముందు అక్కడ బతికిన వాటి అవశేషం. మొక్కలు పెరిగి నేల ముదిరిన చోట మాత్రం అవి ప్రధానంగా ఇప్పటి మొక్కల కార్బన్‌నే తింటున్నాయి. కొత్త నేల తొలి సంసారం పాత నేల మూట మీద నడుస్తున్నదన్నమాట. గ్లేసియర్ బేలోనూ ఈ పాత మూట కంటికే కనబడుతుంది. మంచు రాకముందటి అడవుల మోడులు ఒండ్రు కింద నిలువునా పూడి, వాగులు కోసిన చోట బయటపడి ఉంటాయి. మ్యూర్ వాటిని చూసి వ్రాశాడు.

ఈ మాట ఆ చోటు అసలు వాసులకు కొత్త కాదు. హూనా ట్లింగిట్ ప్రజల పాత ఇల్లు అదే. మంచు రాకముందు అక్కడ వారి ఊళ్ళుండేవి, సాల్మన్ చేపల ఏళ్ళుండేవి. ఆ పాత నేలకు వారు పెట్టుకున్న పేరుకు అర్థం, హిమానీనదపు ఒండ్రు చివర ఉన్న చోటు అని. మంచు ఎందుకు వచ్చిందో చెప్పే కథలో, కొత్తగా పెద్దమనిషై, మన సమర్తలో మూల కూర్చోబెట్టినట్లు, విడిగా ఉంచబడిన కాస్టీన్ అనే పిల్ల ఒంటరితనం భరించలేక, కుక్కను పిలిచినట్లు ఎండుచేప చూపి హిమానీనదాన్ని పిలుస్తుంది. అది వస్తుంది. ఊరంతా పడవలెక్కుతుంది. ఒక కథనంలో ఆ పిల్లే వెనుక ఉండిపోతుంది, మరొక దానిలో ముసలమ్మ. పద్దెనిమిదో శతాబ్దంలో మంచు నిజంగానే వేగంగా ముందుకు వచ్చి ఊళ్ళను తుడిచిపెట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలూ అంటారు. మంచు పోయిన తరువాత అక్కడ ఏర్పడిన అఖాతానికి వారి భాషలో పేరు, హిమానీనదం ఉండిన చోట ఏర్పడిన అఖాతం.

విడ్బీ, మ్యూర్, కూపర్ దానిని ఎవరూ లేని చోటుగా చూశారు. 1916 గళ్ళు వేసిన కూపరే, అమెరికా వృక్ష, జంతు పరిసర శాస్త్రజ్ఞుల సంఘం తరఫున ముందు నిలిచి, ఆ ప్రదేశాన్ని ప్రకృతి తన పని తాను చేసుకునే ప్రయోగశాలగా కాపాడాలని కోరాడు. 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ దాన్ని జాతీయ స్మారక భూమిగా ప్రకటించాడు. 1980లో జాతీయ పార్కు అయింది. మంచి పనే, లేకుంటే నేను చూసిన అడవి ఉండేదో లేదో. కాని ఖాళీ అన్న మాటకు ఎప్పుడూ ఒక ఖర్చు ఉంటుంది. మన రెవెన్యూ దస్త్రాల్లో బంజరు అని వ్రాసిన భూమిలో గొర్రెలు మేపుకునే వారిని అడిగితే ఆ ఖర్చు చెబుతారు. హూనా వారు తరతరాలుగా ఆ అఖాతంలోని దీవుల్లో సముద్రపు కాకుల గుడ్లు ఏరుకునేవారు. పార్కు నిబంధనల కింద అది నేరమైంది. మళ్ళీ అనుమతించే చట్టం 2014లో గాని రాలేదు. 2016లో బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున వారి వంశాల ఉమ్మడి ఇల్లు లేచింది. నేను నడిచిన అడవి దారి దాని పక్కనుండే పోతుంది.

ఆ 2016లోనే మరొకటి జరిగింది. బ్రయన్ బ్యూమా అనే శాస్త్రవేత్త, చాలామంది పోయాయనుకున్న కూపర్ గళ్ళను వెతుకుతూ వెళ్ళాడు. ఆధారాలు పాత నోటు పుస్తకాలు, చేతి పటాలు, ఛాయాచిత్రాలు. దిక్సూచి లెక్కలున్నాయి గాని నూరేళ్ళలో అయస్కాంత ఉత్తరమే జరిగిపోయింది. అయినా దొరికాయి. 2017లో వాటి నూరేళ్ళ వృత్తాంతం ప్రచురితమైంది. పుస్తకాల్లోని మెట్ల వరుసతో అది సరిపోలలేదు. పక్కపక్క గళ్ళు కూడా ఒకే దారి పట్టలేదు. మొదట ఎవరు వచ్చి పాతుకుంటే వారి ప్రభావం దశాబ్దాల తరబడి నిలిచింది.

నిజానికి దీనికి సూచన అంతకు ముందే ఉంది. 1995లో క్రిస్టఫర్ ఫాస్టీ చెట్ల వలయాలు లెక్కించి, ముఖద్వారం వైపు, 1840కి ముందు మంచు విడిచిన చోట్లలో ఇప్పుడున్న అడవి పెద్దగా ఆల్డర్ దశ లేకుండానే లేచిందని చూపించాడు. స్ప్రూస్ విత్తనం అక్కడికి దగ్గర, తొందరగా వచ్చింది. పైన, తరువాత విడిచిన నేలలో ఆల్డర్ రాజ్యమేలింది. అంటే నూరేళ్ళ నేల రేపటి రెండు వందల ఏళ్ళ నేల కాదు. స్థలాన్ని కాలంగా చదివినవారు మా ఊళ్ళో తాతను, పక్క ఊళ్ళో కొడుకును, వేరే ఊళ్ళో మనుమడిని చూసి ఒకే ఇంటివారనుకున్నారు. ఆల్డర్ ఎవరికీ మేలు చేయలేదని కాదు. చేసింది, అదే సమయంలో నీడ వేసి, వేళ్ళతో పోటీపడి స్ప్రూస్ మొలకలను ఆపనూ ఆపింది. 1994లో చేపిన్, అతని సహచరులు నాటి చూసి చెప్పినది అదే.

ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. ఈ మెట్ల వరుసను కూపర్ నెత్తిన రుద్దడం సరికాదు. అతను గళ్ళు వేసిన 1916లోనే ఫ్రెడరిక్ క్లెమెంట్స్ బృహద్గ్రంథం వచ్చింది. అడవి ఒక ప్రాణి వలె పుట్టి పెరిగి పరిపక్వమౌతుందన్నది అతని మతం. కూపర్ 1926లో వ్రాసిన వ్యాసంలో అడవి మార్పును పాయలు పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలే ఏరుతో పోల్చాడు. ఏరు చూసినవాడు చేసిన పోలిక అది. పాఠ్యపుస్తకాలకు నిచ్చెన బొమ్మ వేయడం సులువు కనుక ఏరు పోయి నిచ్చెన మిగిలింది.

బార్ట్‌లెట్ కోవ్ నుండి వచ్చేటప్పుడు ఆ నల్ల మన్ను గుప్పెడు జేబులో వేసుకోవాలని బుద్ధి పుట్టింది. జాతీయ పార్కులో రాయి గాని మన్ను గాని తీయరాదు, తీయలేదు. తీసినా మా సరుగుడుకు పనికివచ్చేది కాదు, వంశం వేరని పైన చెప్పాను కదా.

తాతయ్య పాత తోపు ఇప్పుడు లేదు. కాగితం మిల్లుకు గుజ్జు కలపగా రెండు మూడు విడతలుగా పోయింది. ఆ చోట బాబాయి ఈ మధ్య కొత్త మొక్కలు నాటించాడు, నర్సరీలో ప్లాస్టిక్ గొట్టాల్లో పెంచిన మేలురకం మొక్కలు. ఫోటో పంపాడు. ఫోన్ చేసి, పాత మన్ను ఏమైనా కలిపారా అని అడిగాను.

"నర్సరీ వాళ్ళు అవసరం లేదన్నారు రా. వేరుకు కావలసిన మందు వాళ్ళే కలిపారట" అన్నాడు.

కాసేపు ఆగి, "అయినా నాన్న చేసేవాడు కదా అని, పక్క చేలో మోడుల మొదట్లో నుంచి రెండు తట్టలు తెచ్చి పోయించాను. నవ్వకు" అన్నాడు.